ఇజాజత్: తాళాన్ని పరీక్షించేవాళ్ల తారీఖ్



1687లో గోల్కొండ కిల్లా మొఘలుల చేతికి చిక్కింది. ఎనిమిది నెలలు ముట్టడించినా ఔరంగజేబు ఫిరంగులు ఆ గోడల్ని పడగొట్టలేకపోయాయి. సొరంగాలు తవ్వి పెట్టిన బారూదు కూడా తవ్వినవాళ్ల మీదే పేలింది. చివరికి సెప్టెంబరులో ఒక రాత్రి లోపలి సర్దారు అబ్దుల్లా ఖాన్ పన్నీ దర్వాజా తీయించాడు, ఫౌజ్ నడుచుకుంటూ లోపలికి వచ్చేసింది. అబ్దుల్ రజ్జాక్ లారీ ఒళ్లంతా గాయాలైనా కత్తి దించలేదు. అబుల్ హసన్ తానీషాను కైదు చేసి దౌలతాబాద్ పంపారు. ఈ కథ మన పెద్దలు మనకు ఎన్నోసార్లు చెప్పిందే. ద్రోహం గురించి చెబుతారు, వఫాదారీ గురించి చెబుతారు. ఒక సవాల్ మాత్రం ఎవరూ అడగరు. గోడ ఎంత మందమో తెలుసు, తోపులు ఎన్నో తెలుసు. రాత్రి పూట ఆ దర్వాజా ఎవరి మాట మీద తెరుచుకుంటుందో శత్రువు రాకముందు ఎవరైనా ఒకసారి పరీక్షించి చూశారా?

గోల్కొండకు దగ్గర్లోనే ఇప్పుడు కొత్త కిల్లాలు లేచాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన, చెరువు ఒడ్డున, పొలాలు దున్నుకున్న ఊరు నల్లగండ్ల. 1998 నవంబరు 22న హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచాక ఈ వైపంతా మారిపోయింది. ఇవాళ ఆ ఊళ్లో అపార్టుమెంట్లు, గేటెడ్ కమ్యూనిటీలు. ప్రతి మెట్ల దగ్గరా ఐటీ కంపెనీ బ్యాడ్జి మెడలో వేసుకున్న అమ్మాయో అబ్బాయో కనిపిస్తారు. వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. కొందరి నౌకరీ పేరు వింటే ఇంట్లో అమ్మీలకు గుండె ఝల్లుమంటుంది: 'పెనెట్రేషన్ టెస్టర్', 'రెడ్ టీమ్', 'ఎథికల్ హ్యాకర్'. "హ్యాకింగ్ అంటే చోరీ కదా బేటా, దానికి జీతం ఇస్తారా?" అని అడుగుతారు. ఆ సవాల్‌లో తప్పేమీ లేదు. దానికి జవాబు తారీఖ్‌లో ఉంది. ఈ వ్యాసం ఆ తారీఖ్ గురించే. ఆ పిల్లలు వాడే ఉచిత పనిముట్లు ఎక్కడి నుంచి వచ్చాయి, ఏది దేనికి పనికొస్తుంది, చోర్‌కీ కాపలాదారుకీ మధ్య గీత ఎక్కడుంది అన్నవి వరసగా చూద్దాం.

పాత ఉస్తాదులు

రహస్య లిపిని తాళం చెవి లేకుండా ఎలా విప్పాలో మనకు తెలిసినంతలో మొదట రాసిపెట్టినవాడు అల్-కిందీ. 9వ శతాబ్దంలో కూఫాలో పుట్టి బాగ్దాద్‌లో పనిచేసిన హకీమ్, ఫిలాసఫర్. ప్రతి జబాన్‌లోనూ కొన్ని అక్షరాలు ఎక్కువగా, కొన్ని తక్కువగా వస్తాయి. రహస్య పత్రంలో ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, మామూలు రాతలోని లెక్కతో పోల్చి చూస్తే ముసుగు జారిపోతుందని ఆయన ఒక రిసాలాలో వివరించాడు. ఆ చేతిరాత ప్రతి ఇరవయ్యో శతాబ్దంలో ఇస్తాంబుల్ గ్రంథాలయంలో బయటపడింది. దీని వెనుక ఒక పెద్ద ఉసూల్ ఉంది. తాళం గట్టిదో కాదో తెలియాలంటే దాన్ని తీసే ఇల్మ్ కావాలి. తీయడం తెలియనివాడు చేసిన తాళం మీద భరోసా పెట్టుకోలేం.

ఇంకో వెయ్యేళ్లు ముందుకు వెళ్దాం. లండన్‌లో బ్రామా అనే తాళాల కంపెనీ తన దుకాణం కిటికీలో ఒక తాళం వేలాడదీసి, తీయగలిగినవాడికి 200 గినీల ఇనాం అని రాసిపెట్టింది. దశాబ్దాల పాటు ఆ తాళం అలాగే ఉండిపోయింది. 1851లో అమెరికా నుంచి వచ్చిన ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ ముందుకొచ్చాడు. ఊరికే వచ్చి తాళం మీద పడలేదు. మధ్యవర్తులను పెట్టుకున్నారు, షరతులు రాసుకున్నారు. 16 రోజుల వ్యవధిలో మొత్తం 51 గంటలు పనిచేసి హాబ్స్ తాళం తీశాడు. అప్పుడు లండన్ పత్రికల్లో గోల మొదలైంది. ఇలాంటి సంగతులు బయటపెడితే దొంగలకు నేర్పినట్టు కాదా అన్నారు. హాబ్స్ వైపువాళ్ల జవాబు సాదాగా ఉంది. దొంగలకు వాళ్ల పని ముందే తెలుసు. తెలియనిది తాళం కొనుక్కున్న భోళా గిరాకీకే.

నూట డెబ్బై ఏళ్లుగా ఈ బహస్ ఇలాగే నడుస్తోంది. తాళాల స్థానంలో కంప్యూటర్లు వచ్చాయి, అంతే.

'సైతాన్' అనే ప్రోగ్రాం, 'తౌబా' అనే కమాండ్

'రెడ్ టీమ్' అన్న మాట కోల్డ్ వార్ కాలపు అమెరికా ఫౌజ్ నుంచి వచ్చింది. యుద్ధం నమూనాగా ఆడేటప్పుడు సోవియట్ పక్షాన ఆలోచించే జట్టుకు ఎర్ర రంగు, తమ పక్షానికి నీలం. కంప్యూటర్లు వచ్చాక 1970ల్లో 'టైగర్ టీమ్' పేరుతో కొందరిని కూర్చోబెట్టి, మన యంత్రంలోకి మీరే చొరబడి చూపండి అన్నారు. 1974లో అమెరికా వైమానిక దళం కోసం పాల్ కార్గర్, రోజర్ షెల్ మల్టిక్స్ అనే సిస్టమ్‌ను అలాగే తనిఖీ చేశారు. చాలా పకడ్బందీ అనుకున్న ఆ సిస్టమ్‌లోకి దారులు ఉన్నాయని రాసిచ్చారు. అప్పట్లో ఈ పని ఫౌజ్ గోడల లోపలే జరిగేది. మామూలు మనుషులకు అందేది కాదు.

అందేలా చేసింది ఓపెన్ సోర్స్. అంటే ప్రోగ్రాం ఎలా రాశారో ఆ రాతంతా బయటే ఉంటుంది. ఎవరైనా చదవచ్చు, దిద్దవచ్చు, వాడవచ్చు. డాన్ ఫార్మర్, వీట్సా వెనెమా అనే ఇద్దరు 1993లో ఒక వ్యాసం రాశారు. మీ సైట్‌ను కాపాడుకోవాలంటే ముందు మీరే దానిలోకి చొరబడి చూడండి అన్నది దాని సారాంశం. 1995 ఏప్రిల్‌లో అదే పని చేసిపెట్టే ప్రోగ్రాంను అందరికీ ఉచితంగా వదిలారు. నెట్‌వర్క్‌లో ఏ కిటికీ తెరిచి ఉందో వెతికి చెప్పే ఆ పనిముట్టుకు పెట్టిన పేరు పొడి అక్షరాల్లో 'సేటన్', అంటే మన సైతాన్! అమెరికాలో హంగామా అయింది. ఫార్మర్ నౌకరీ పోయింది. పేరు నచ్చనివాళ్ల కోసం ఆ ప్రోగ్రాంలోనే ఒక చిన్న కమాండ్ పెట్టారు. దాని పేరు 'రిపెంట్', అంటే తౌబా. అది నడిపిస్తే ప్రోగ్రాం పేరు అంతటా 'శాంటా' అయిపోతుంది. నవ్వు తెప్పించే సంగతే గానీ, పేరు మారినా పనిముట్టు మారలేదని గమనించండి.

ఆ తర్వాతి ఏళ్లలో సందూక్ నిండిపోయింది. 1997 సెప్టెంబరులో గోర్డన్ లయన్ 'ఎన్‌మ్యాప్' విడుదల చేశాడు. 1998లో రెనో దెరైసాన్ 'నెస్సస్', జెరాల్డ్ కోంబ్స్ 'ఈథిరియల్' తెచ్చారు. ఈథిరియల్ పేరు మీద హక్కు పాత కంపెనీ దగ్గర ఉండిపోవడంతో 2006లో అది 'వైర్‌షార్క్' అయింది. 2003లో హెచ్.డి. మూర్ 'మెటాస్ప్లాయిట్' మొదలుపెట్టాడు. 2010లో సైమన్ బెన్నెట్స్ 'జాప్' తెచ్చాడు. 2006లో వచ్చిన 'బ్యాక్‌ట్రాక్' ఇలాంటి పనిముట్లన్నిటినీ ఒకే డిస్కులో పెట్టింది. 2013 మార్చిలో దాని వారసుడు 'కాలీ లినక్స్' వచ్చింది. ఇవాళ మన పిల్లల లాప్‌టాప్‌లలో కనిపించేది ఇదే.

సందూక్‌లో ఏమేం ఉన్నాయి

"వీటిలో ఏది మంచిది?" అని అడగడం బడాయివాణ్ణి రంపం మంచిదా సుత్తి మంచిదా అని అడిగినట్టు ఉంటుంది. పనిని బట్టి పోల్చి చూడాలి.

ఎన్‌మ్యాప్ మొహల్లా చుట్టి వచ్చే చౌకీదారు లాంటిది. ఏ ఇంట్లో ఎవరున్నారు, ఏ తలుపు తెరిచి ఉంది, లోపల ఏ సర్వీసు నడుస్తోంది అని తట్టి చూసి చెబుతుంది. తేలికైనది, భరోసా పెట్టుకోదగినది. ఏ తనిఖీ అయినా దాదాపు దీనితోనే మొదలవుతుంది. తలుపు తెరిచి ఉందని చెబుతుంది గానీ దాని వెనుక ఏ ప్రమాదం ఉందో చెప్పడం దాని అసలు పని కాదు. వైర్‌షార్క్ తట్టదు, వింటుంది. తీగ మీద పోయే ప్రతి మాటనూ పట్టి చూపిస్తుంది. ఏదైనా పాస్‌వర్డ్ ముసుగు లేకుండా పోతోందా అన్నది దీనిలో తెలిసిపోతుంది. కానీ చదవడం రావాలి. నేర్చుకోవడానికి సబర్ కావాలి.

లోపాల జాబితా కావాలంటే రెండు దారులు. నెస్సస్‌ను 2005లో దాని కంపెనీ మూసిన సరుకుగా మార్చేసింది. అప్పటిదాకా అందరి సొత్తుగా ఉన్న పాత రాతను తీసుకుని ఇంకొందరు 'ఓపెన్‌వాస్' నిలబెట్టారు. ఓపెన్ సోర్స్ బర్కత్ ఇదే. యజమాని దర్వాజా మూసినా పాత రాత జనం దగ్గర మిగులుతుంది. ఓపెన్‌వాస్ వేల రకాల లోపాలను ఓపికగా వెతుకుతుంది. మెల్లగా నడుస్తుంది, మెషీన్ బలంగా ఉండాలి, లేని లోపాన్ని ఉందని చెప్పడమూ ఉంటుంది. రెండోది 'న్యూక్లియై'. మన దేశపు కుర్రాళ్లు కూడా కలిసి పెట్టిన ప్రాజెక్ట్ డిస్కవరీ అనే సంస్థ 2020లో తెచ్చింది. ఒక్కో లోపానికి ఒక్కో చిన్న నమూనా ఫైలు ఉంటుంది. ప్రపంచమంతటి నుంచి జనం ఆ నమూనాలు రాసి పంపుతుంటారు. చాలా వేగంగా నడుస్తుంది, తప్పుడు కూత తక్కువ. అయితే నమూనా లేని లోపం దీని కంటికి ఆనదు. ఓపెన్‌వాస్ ఊరంతా తిరిగే మునిసిపల్ తనిఖీ అయితే, న్యూక్లియై చేతిలో జాబితా పట్టుకుని వచ్చే ఇన్‌స్పెక్టర్.

వెబ్‌సైట్ల కోసం జాప్. బ్రౌజర్‌కీ సైట్‌కీ మధ్య కూర్చుని వచ్చే పోయే ప్రతి ఉత్తరాన్నీ విప్పి చూపిస్తుంది. దీనికి పోటీగా చెప్పే బర్ప్ సూట్ ఓపెన్ సోర్స్ కాదు. దాని ఉచిత రూపంలో చాలా సౌకర్యాలు ఉండవు. చిన్న కంపెనీలకూ విద్యార్థులకూ జాప్ గొప్ప సహారా. ఒకే రకం లోపం మీద, అంటే డేటాబేస్‌ను మాటలతో ఏమార్చే లోపం మీద, 'ఎస్‌క్యూఎల్‌మ్యాప్' చాలా లోతుగా పోతుంది. లోతుగా పోయే పనిముట్టు నష్టం కూడా చేయగలదు. దాన్ని నడుస్తున్న దుకాణం మీద కాకుండా నకలు మీద వాడాలి.

మెటాస్ప్లాయిట్ దగ్గరికి వచ్చేసరికి మాట మారుతుంది. పైవన్నీ "ఇక్కడ లోపం ఉండొచ్చు" అంటాయి. ఇది లోపలికి వెళ్లి చూపిస్తుంది. యజమానికి నమ్మకం కుదరాలంటే ఇంతకన్నా గట్టి సుబూత్ లేదు. కానీ అవతలి సర్వర్ పడిపోవచ్చు. ఆసుపత్రిలోనో బ్యాంకులోనో పట్టపగలు ఇది నడిపితే రోగులకూ ఖాతాదారులకూ తకలీఫ్. 2009లో ర్యాపిడ్7 అనే కంపెనీ దీన్ని కొన్నది. మూల చట్రం మాత్రం ఇప్పటికీ ఓపెన్ సోర్స్‌గానే ఉంది.

రెడ్ టీమ్ పని దీనికంటే విశాలమైనది. పెనెట్రేషన్ టెస్ట్‌లో "ఈ ఇంటికి ఎన్ని లోపాలున్నాయి" అని వెతుకుతారు. రెడ్ టీమ్ "ఫలానా చోర్ వస్తే మన పహరా వాళ్లకు తెలుస్తుందా, ఎంతసేపటికి తెలుస్తుంది" అని పరీక్షిస్తుంది. అసలు దొంగల తరీఖాలను మైటర్ సంస్థ ఒక పెద్ద పట్టికగా కూర్చి 2015లో అందరికీ ఇచ్చింది. ఆ పట్టికలోని ఒక్కో అడుగుకు చిన్న చిన్న పరీక్షలు రాసిపెట్టింది 2017లో వచ్చిన 'అటామిక్ రెడ్ టీమ్'. ఒక పరీక్ష నడపడం నిమిషాల పని, పెద్ద ఇంతెజాం అక్కర్లేదు. చిన్న జట్టుతో నడిచే కంపెనీ మొదలుపెట్టాల్సింది ఇక్కడే. మైటర్ వాళ్లదే 'కాల్డెరా' ఈ అడుగులను గొలుసుగా కట్టి తనంతట తానే నడిపిస్తుంది. శక్తి ఎక్కువ, నిలబెట్టడానికి మెహనత్ కూడా ఎక్కువే. 2016లో వచ్చిన 'బ్లడ్‌హౌండ్' పెద్ద ఆఫీసులో ఎవరికి ఏ హక్కు ఉందో గీతలు గీసి చూపిస్తుంది. చిన్న గుమస్తా ఖాతా దొరికితే ఎన్ని అంగల్లో ఖజానా దాకా పోవచ్చో అందులో కనబడుతుంది. 'గోఫిష్' సిబ్బందికి ఉత్తుత్తి మోసపు మెయిళ్లు పంపి ఎవరు నొక్కారో లెక్క చెబుతుంది. గోల్కొండలో ఎవరూ వేయని పరీక్ష ఈ చివరి రెండూ వేస్తాయి. గోడ సంగతి పక్కన పెట్టి, లోపలివాళ్ల చేతుల్లో ఉన్న దర్వాజాను తడిమి చూస్తాయి.

మన ఊరి మూడు కథలు

ఈ తారీఖ్‌లో హైదరాబాద్ ఊరికే చూస్తూ కూర్చోలేదు. 1996లో రిజర్వ్ బ్యాంక్ మాసాబ్ ట్యాంక్ దగ్గర ఐడీఆర్‌బీటీ పెట్టింది. బ్యాంకుల సాంకేతికతకు అదే పాఠశాల. బ్యాంకుల మధ్య సైబర్ డ్రిల్లులు కూడా నడిపిస్తుంది. ఓటింగ్ యంత్రాలు చేసే రెండు ప్రభుత్వ కంపెనీల్లో ఒకటి, ఈసీఐఎల్, ఇక్కడిదే. మొదటి కథ ఆ యంత్రం గురించే.

హరిప్రసాద్ హైదరాబాద్‌లో ఒక టెక్నాలజీ కంపెనీ నడిపే ఇంజనీరు. 2009లో ఎన్నికల సంఘం పిలిస్తే ఓటింగ్ యంత్రంలోని లోపాలు చూపడానికి ఢిల్లీ వెళ్లాడు. ఆ పరీక్ష మధ్యలోనే ఆగిపోయింది. 2010లో ఒక యంత్రం ఆయన జట్టు చేతికి వచ్చింది. ఎవరిచ్చారో ఆయన చెప్పలేదు. అమెరికా ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్ నిపుణుడు రాప్ గాంగ్రైప్‌లతో కలిసి దాన్ని విప్పి చూశారు. అంకెలు చూపే పలకను మార్చి ఫలితం మార్చవచ్చని, జేబులో పట్టే పరికరం తగిలించి లోపలి ఓట్ల లెక్క మార్చవచ్చని ఏప్రిల్‌లో ప్రకటించారు. 2010 ఆగస్టు 21న హైదరాబాద్‌లోని ఇంటి నుంచి పోలీసులు ఆయనను అరెస్టు చేసి ముంబై తీసుకెళ్లారు. యంత్రం చోరీ చేశారన్నది కేసు. వారం తర్వాత బెయిల్ వచ్చింది. అదే ఏడాది అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకు పయనీర్ అవార్డు ఇచ్చింది.

తమ పహరా, సీళ్లు, నియమాల మధ్య ఇలాంటి దాడి సాధ్యం కాదని ఎన్నికల సంఘం చెబుతూ వచ్చింది. 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు కాగితపు చీటీ చూపే వీవీప్యాట్‌ను దశలవారీగా తేవాలంది. 2024 ఏప్రిల్‌లో చీటీలన్నిటినీ లెక్కించాలన్న వినతిని తోసిపుచ్చింది. ఎవరి పక్షం సరైనదన్నది ఇక్కడ మన సవాల్ కాదు. ఒక దస్తావేజు లేకపోతే ఏమవుతుందన్నదే సవాల్. పరిశోధకుడి నియ్యత్ జనం మేలు కావచ్చు, ఇల్మ్ నిజమైనది కావచ్చు, చివరికి ఇనామూ రావచ్చు. అయినా "ఈ యంత్రం నీకెవరిచ్చారు" అన్న ఒక్క మాటకు కాగితం లేకపోతే రాత్రి జైల్లో గడపాలి. ఆయన దగ్గర పేరు, ప్రొఫెసర్ల తోడు, మంచి వకీళ్లు ఉన్నారు. అవేవీ లేని ఇరవై ఏళ్ల కుర్రాడి సంగతి ఊహించండి.

రెండో కథ బ్యాంకుది. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి ఒక వారాంతంలో దొంగలు సుమారు 12.48 కోట్ల రూపాయలు తరలించారు. ఎవరూ గోడ దూకలేదు. పోలీసుల దర్యాప్తు ప్రకారం 2021 నవంబరులో సిబ్బందికి మోసపు మెయిళ్లు వచ్చాయి. వాటిని తెరిచినవాళ్ల కంప్యూటర్లలో దూరం నుంచి నడిపే దొంగ ప్రోగ్రాం కూర్చుంది. ఆ కాళ్ల మీద నడిచి దొంగలు ఖజానా దాకా పోయారు. డబ్బు 115 ఖాతాల్లోకి, అక్కడి నుంచి ఇంకా ఎన్నో ఖాతాల్లోకి పోయింది. 2023లో రిజర్వ్ బ్యాంక్ సైబర్ భద్రతా నియమాలు పాటించనందుకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది.

కో-ఆపరేటివ్ బ్యాంకు అంటే చిన్న దుకాణందార్ల, పెన్షన్ మీద బతికే పెద్దల పైసా. అది అమానత్. బ్యాంకుల కోసం రిజర్వ్ బ్యాంక్ 2016 జూన్ 2న ఇచ్చిన సర్క్యులర్‌లోనే పెనెట్రేషన్ టెస్టులు, రెడ్ టీమ్ కసరత్తుల ప్రస్తావన ఉంది. 2018 అక్టోబరులో అర్బన్ కో-ఆపరేటివ్ బ్యాంకులకూ వేరే ప్రాథమిక నియమాలు వచ్చాయి. ఉత్తుత్తి మెయిలు పంపి సిబ్బందిని పరీక్షించే పనిముట్టుకు ఒక్క రూపాయి ఖర్చు లేదని పైన చూశాం. పనిముట్టు ఉచితం. దాన్ని సరిగ్గా వాడే మనిషికి జీతం ఇవ్వాలి, ఆ మనిషి చెప్పింది వినాలి. అక్కడే చాలా సంస్థలు తడబడతాయి.

మూడోది పోలీసులదే. 2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్‌లోని డేటా లీకైంది. ఫిర్యాదులు చేసిన ఆడవాళ్లతో సహా మామూలు జనం వివరాలు ఆ యాప్‌లో ఉంటాయి. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఢిల్లీ వైపు నుంచి ఇరవై ఏళ్ల విద్యార్థిని అరెస్టు చేసింది. డేటా అమ్మకానికి పెట్టాడన్నది పోలీసుల ఆరోపణ. అతని వయసు వాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు. అతను వాడగల పనిముట్లు మన పిల్లలు క్లాసులో నేర్చుకునేవే.

గీత ఎక్కడుంది

మన దేశంలో ఈ గీతను 2000 నాటి ఐటీ చట్టం గీసింది. సెక్షన్ 43 చదివితే మొదట్లోనే దొరికే మాట ఇజాజత్. యజమాని గానీ, ఆ కంప్యూటర్ బాధ్యత చూసే వ్యక్తి గానీ అనుమతించకుండా అందులోకి వెళ్లడం, డేటా తీయడం, పాడుచేయడం తప్పు. పరిహారం కట్టాలి. అదే పని బద్‌నీయత్‌తో చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, లేదా ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. చట్టం పనిముట్టు పేరు అడగదు. ఎన్‌మ్యాప్ ఉందా, కాలీ ఉందా అని అడగదు. ఎవరిని అడిగి లోపలికి వెళ్లావు అని అడుగుతుంది. మన ఇళ్లలో పిల్లలకు నేర్పే మొదటి అదబ్ కూడా ఇదే కదా. తలుపు తెరిచే ఉన్నా బయట నిలబడి సలాం చెప్పాలి, జవాబు వచ్చాకే లోపలికి అడుగు పెట్టాలి. "తలుపు తెరిచి ఉంది కాబట్టి వెళ్లాను" అనే మాట మన దాదీమాల ముందు చెల్లదు, మేజిస్ట్రేట్ ముందూ చెల్లదు.

మన ఇళ్లలో ఒక భయం ఉంది. దాన్ని దాచుకోవడంలో అర్థం లేదు. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుపోయిన మన కుర్రాళ్లలో ఎందరో నిర్దోషులుగా బయటికొచ్చారు. అప్పటికి వాళ్ల చదువులు, నౌకరీలు, నికాహ్‌లు అన్నీ చెడిపోయి ఉన్నాయి. అందుకే "బేటా, ఆ లాప్‌టాప్‌లో అలాంటివి పెట్టుకోకు, మన పేరు చూసి ఏమైనా అనుకుంటారు" అని అమ్మీలు అంటే దాన్ని వహం అని కొట్టిపారేయలేం. కానీ ఆ భయానికి జవాబు హునర్ వదిలేయడం కాదు. వదిలేస్తే ఈ రంగంలో ఉన్న నౌకరీలూ పోతాయి, ఇల్మూ పోతుంది. ప్రతి అడుగుకూ కాగితం ఉంచుకోవడమే జవాబు.

ఆ కాగితంలో ఏం ఉండాలో ఇంట్లో పెద్దలు కూడా తెలుసుకోవాలి. ఎవరి కంప్యూటర్లు, ఏ చిరునామాలు అని పేరు పేరునా రాయాలి. ఏవి ముట్టుకోకూడదో అదీ రాయాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ వేళల్లో అన్నది ఉండాలి. ఏ రకం పరీక్షలు చేయవచ్చు, సర్వర్ పడేసే పరీక్షలకు ఇజాజత్ ఉందా లేదా, సిబ్బందికి ఉత్తుత్తి మెయిళ్లు పంపవచ్చా అన్నది తేలాలి. ఏదైనా తేడా వస్తే రాత్రి పూట కూడా ఫోన్ ఎత్తే మనిషి పేరు ఉండాలి. దొరికిన డేటాను ఏం చేయాలో, ఎప్పుడు చెరిపేయాలో ఉండాలి. సంతకం పెట్టినవాడికి పెట్టే హక్కు ఉందా అన్నది అన్నిటికంటే ముఖ్యం. బిల్డింగ్ మేనేజర్ సంతకం బ్యాంకు సర్వర్‌కు చెల్లదు. క్లౌడ్‌లో అద్దెకున్న సర్వర్ అయితే క్లౌడ్ కంపెనీ షరతులు కూడా చూడాలి. ఈ కాగితం నకలు టెస్టర్ తన దగ్గరా ఉంచుకోవాలి. "మా సర్ నోటిమాటగా చెప్పారు" అన్నది దస్తావేజు కాదు.

నేర్చుకునే పిల్లలకు ఇజాజత్ ముందే రాసిపెట్టిన ఇళ్లు బోలెడు ఉన్నాయి. కావాలనే లోపాలతో తయారుచేసిన 'జ్యూస్ షాప్', 'మెటాస్ప్లాయిటబుల్' లాంటివి తన లాప్‌టాప్‌లోనే పెట్టుకుని ఎంత కొట్టినా ఎవరికీ నొప్పి లేదు. ఎన్‌మ్యాప్ వాళ్లు తట్టి నేర్చుకోవడానికే 'స్కాన్‌మీ' అని ఒక సర్వర్ పెట్టారు. బగ్ బౌంటీ ప్రకటించిన కంపెనీలు తమ నియమాలు రాసి పెడతాయి. ఆ నియమాలే ఇజాజత్‌నామా. వాటి హద్దు దాటితే ఆ కాగితం కాపాడదు. దారిన పోతూ ఎక్కడైనా లోపం కంటబడితే ఇంకా లోపలికి తవ్వకూడదు. 2004 నుంచి పనిచేస్తున్న సర్ట్-ఇన్‌కు తెలియజేయవచ్చు, దానికి పద్ధతి ఉంది. కాలేజీ వైఫై, పక్కింటి రౌటర్, దోస్త్ ఇన్‌స్టా ఖాతా మాత్రం ప్రయోగశాల కాదు. సరదాకు కూడా కాదు.

తోడు కూడా కావాలి. ఒంటరిగా రాత్రి రెండింటికి గది తలుపు మూసుకుని నేర్చుకునేవాడికి తప్పుదారి చూపేవాళ్లు త్వరగా దొరుకుతారు. మన నగరంలో 'నల్' అనే సెక్యూరిటీ సముదాయం శాఖ ఉంది, ఉచితంగా కలుసుకుని నేర్పుకుంటారు. తెలుగులో సాఫ్ట్‌వేర్ కోసం 2005 నుంచి పనిచేస్తున్న 'స్వేచ్ఛ' ఉంది. ఉస్తాద్, షాగిర్ద్ రిశ్తా ఈ హునర్‌లోనూ అవసరమే. కోర్సు అమ్మేవాడు మొదటి రోజు చట్టం గురించి చెప్పకుండా నేరుగా "ఎవరి ఫేస్‌బుక్ అయినా తెరవడం నేర్పుతా" అంటే అక్కడ ఫీజు కట్టకండి.

అల్-కిందీ లిపి విప్పడం నేర్పాడు, హాబ్స్ షరతులు రాసుకుని తాళం తీశాడు, ఫార్మర్ పనిముట్టు అందరికీ ఇచ్చి నౌకరీ పోగొట్టుకున్నాడు, హరిప్రసాద్ యంత్రం విప్పి జైలు చూశాడు. ఈ నలుగురి ఇల్మ్ వల్ల మన తాళాలు కొంచెం గట్టిపడ్డాయి. నల్లగండ్లలో ఇవాళ పొద్దున బ్యాడ్జి వేసుకుని బస్సెక్కిన మన బేటీ చేసేది ఆ పనే. ఎక్కడో ఒక బ్యాంకులో, ఆసుపత్రిలో, రాత్రి దర్వాజా ఎవరి మాట మీద తెరుచుకుంటుందో శత్రువు కంటే ముందు చూసి రాసిస్తుంది. ఆమె ఇంటికొచ్చాక నౌకరీ సంగతి అడగండి. దానితో పాటు ఇంకో మాట కూడా అడగండి: "బేటీ, ఇజాజత్ కాగితం తీసుకున్నావు కదా?"

ఖుదా హాఫిజ్.